మార్జిన్ మీమాంస

సూ. అద్దె పుస్తకంబున నంచు వ్యాఖ్య బహుళంబుగా నగు.

వృత్తి. అద్దె లైబ్రరీ నుంచి ఇంటికి తెచ్చుకున్న డిటెక్టివ్ నవల అంచున, ఎవరూ అడక్కపోయినా, పాఠకుడు తన అభిప్రాయం రాసి తీరతాడు. సూత్రంలో ‘బహుళం’ అన్నందువల్ల కొందరు రాయరనీ, రాయడం మొదలెట్టినవాళ్లు ఒక పేజీతో ఆగరనీ, ఒక్కోసారి రచయిత కంటే ఎక్కువే రాస్తారనీ గ్రహించాలి. చిన్నయసూరి పుణ్యమా అని, లెక్క తేలని చోటల్లా బహుళం అనేసి ముందుకు సాగిపోయే సౌకర్యం తెలుగు శాస్త్రకారులకు దక్కింది. ఈ వ్యాసంలో దాన్ని ధారాళంగా వాడుకుంటాను.

తెలుగు సాహిత్య విమర్శ నన్నయ నుంచి దిగంబర కవుల దాకా అందరినీ తూకం వేసింది. డిటెక్టివ్ నవల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తక్కెడ కింద పెట్టి టీ తాగడానికి వెళ్లింది, ఇంకా రాలేదు. అందుచేత ఆ నవలల మీద వచ్చిన విమర్శ అంతా అక్షరాలా ఆ నవలల మీదే వచ్చింది. ఆ కాగితాలు చెదలకూ చినుకులకూ బలైపోకముందే ఎవరో ఒకరు శాస్త్రం కట్టాలి గదా! ఎవరూ ముందుకు రాలేదు కనక నేనే కూర్చున్నాను.

శాస్త్రం అన్నాక అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం ఇప్పటికే చెప్పాను. సంబంధం పుస్తకానికీ పెన్సిలుకూ ఉన్నదే. ప్రయోజనం ఏమీ లేదు; ఉంటే దీన్ని ఇంజినీరింగ్ అనేవారు, బెజవాడలో దీనికీ ఒక కోచింగ్ సెంటరు వెలిసేది. ఇక అధికారి ఎవరన్నది కాస్త నిదానించి చూడాలి. పుస్తకం కొనుక్కున్నవాడు అధికారి కాడు, సొంత సొత్తు ఎవడూ పాడు చేసుకోడు. సర్కారు గ్రంథాలయం నుంచి తెచ్చుకున్నవాడూ కాడు, వాడికి జరిమానా భయం. రోజుకింత అని అద్దె కట్టి, అన్నం తింటూ చదివి, రేపు ఈ పుస్తకం ఎవరి చేతిలో పడుతుందో తెలియకపోయినా ఆ ఎవరికో ఒక మాట చెప్పాలని నాలుక దురద పెట్టేవాడే ఈ శాస్త్రానికి అధికారి. అద్దె కట్టాను కాబట్టి అంచు నాది అనే న్యాయం అతనిది. అద్దె ఇంటి గోడకు మేకు కొట్టేవాడి న్యాయమూ ఇదే.

పూర్వాచార్యుల ప్రస్తావన చెయ్యకపోతే పాపం. బెంగాలీ నుంచి దిగుమతైన పాంచకడీ దేవ్ అపరాధ పరిశోధనలతో తెలుగువాళ్లకు ఈ వ్యసనం అంటింది. ఆరుద్ర అంతటివాడు ‘పలకల వెండిగ్లాసు’ రాశాడు. సమగ్రాంధ్ర సాహిత్యం రాసిన చేతికి శవాన్ని ఎక్కడ పడుకోబెట్టాలో కూడా తెలుసన్నమాట. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంటు రాజునీ, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావునీ పుట్టించి ఆంధ్రా ఎడ్గార్ వాలెస్ అనిపించుకున్నాడు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ లాంటివాళ్లు పోటీగా శవాలు లేపారు. ఆ తర్వాత మధుబాబు. అసలు పేరు వల్లూరు మధుసూదనరావు, హనుమాన్ జంక్షన్ మనిషి, బడిపంతులు. బెజవాడ నుంచి ఏలూరు వెళ్లే హైవే మీద లారీలు టీకి ఆగే ఆ జంక్షన్ నుంచి ఒక సీక్రెట్ ఏజెంటు బయల్దేరి దేశదేశాలు తిరిగి విలన్లను చితక్కొట్టాడంటే, అది డెల్టా నీటి మహిమ అని ఈ శాస్త్రం నమ్ముతుంది. ఆ ఏజెంటు పేరు షాడో. చీఫ్ కులకర్ణి, జూనియర్ శ్రీకర్, బిందు, గంగారాం అతని పరివారం. మన శాస్త్రానికి ముడిసరుకు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

సముద్రం అవతల కూడా ఒక ఆచార్యుడున్నాడు. 1911లో ఆక్స్‌ఫర్డ్‌లో రొనాల్డ్ నాక్స్ అనే యువకుడు షెర్లాక్ హోమ్స్ కథల్ని బైబిలు పండితుల పద్ధతిలో చీల్చి చెండాడుతూ ఒక వ్యాసం చదివాడు. ఏ కథ అసలుది, ఏది ప్రక్షిప్తం అంటూ గంభీరంగా తర్కించాడు. అది వేళాకోళమే, కానీ దాని నుంచి నిజంగానే ఒక శాఖ మొలిచింది. నాక్స్ తరువాతి కాలంలో క్యాథలిక్ మతాచార్యుడయ్యాడు. ఈ వ్యాసకర్తకు అంత ఆపద రాదనే ఆశ.

ఈ శాస్త్రం బెజవాడలోనే ఎందుకు పుట్టాలి? కారణం ఉంది. ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ మొట్టమొదట 1914లో ఇక్కడే జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య చెప్పులరిగేలా తిరిగి ఊరూరా పుస్తకం పెట్టించాడు. పాతూరి నాగభూషణం 1935లో పెదపాలెం నుంచి పడవలోకి పుస్తకాలెక్కించి కృష్ణ కాలవ మీద ఊళ్లకు పంపించాడు. నీళ్లకు ఎదురుచూసినట్టే పుస్తకాలకూ గట్టు మీద నిలబడి ఎదురుచూసిన ప్రాంతం ఇది. ఆ మహానుభావులు జాతీయోద్యమం కోసం, విజ్ఞానం కోసం జనానికి చదువు మప్పారు. మప్పిన చదువు ఊరుకుంటుందా? వాళ్ల మనవలు సైకిలు స్టాండు వేసి, అద్దె కొట్టు గడప దగ్గర ఒంటికాలి మీద నిలబడి, “షాడో కొత్తది వచ్చిందా?” అని అడిగారు. అయ్యంకి వారు బాధపడేవారని కొందరంటారు. నాకలా అనిపించదు. చదవడం ఒకసారి అలవాటయ్యాక అది ఏ వీధి తొక్కుతుందో ఉద్యమాలు నిర్ణయించలేవు, ఆ సంగతి ఉద్యమం నడిపినవాళ్లకే బాగా తెలుసు.

ఇప్పుడు పరిశోధన సామగ్రి. ఒక అద్దె ప్రతిని చేతిలోకి తీసుకుని చూద్దాం. పాకెట్ సైజు. అట్ట మీద బొమ్మ సగమే కనిపిస్తుంది, మిగతా సగం మీద కొట్టువాడు అతికించిన గోధుమరంగు అట్టముక్క. పక్కన ఎర్రసిరాతో నంబరు. కొట్టు పేరుతో రబ్బరు స్టాంపు మొదటి పేజీ మీద, మధ్యలో ఒకచోట, చివర ఒకచోట. చీఫ్ ఆంతరంగిక రహస్యం చెబుతున్న వాక్యం మీదే ఊదారంగు గుండ్రం పడి ఉంటుంది. పేజీలు ఊడిపోకుండా అంచుకు అరంగుళం లోపల దబ్బనంతో పొడిచి ట్వైన్ దారంతో కుట్టేశారు. దీనివల్ల లోపలి అంచు మాయమై, వ్యాఖ్యాతలంతా బయటి అంచులోనే సర్దుకోవాల్సి వచ్చింది. బొటనవేలు ఆనేచోట కాగితం నల్లబడి, నూనె పీల్చి అద్దంలా అవతలి అక్షరాలు చూపిస్తుంది. ఆవకాయ మరక ఉన్న పేజీ భోజనాల వేళ చదివిన పేజీ. మరక పక్కనే ‘సూపర్’ అని రాసి ఉంటే అది కథను గురించో కూరను గురించో తేల్చడానికి ప్రమాణం లేదు.

ఇందులో చేతిరాతలు పొరలు పొరలుగా ఉంటాయి. అడుగున పెన్సిలు, దాని మీద నీలం బాల్ పెన్ను, ఆ పైన ఎర్రసిరా. ఎర్రసిరా కనిపిస్తే మేష్టారి ఇల్లని అనుమాన ప్రమాణంతో పట్టుకోవచ్చు. ఆయన అభిప్రాయం రాయడు, అచ్చుతప్పులు దిద్దుతాడు. ‘ర్వివాల్వర్’ అని అచ్చయిన చోట గుండ్రం చుట్టి, అంచున సరైన రూపం రాసి, మార్కులు వెయ్యబోయి మానుకున్న ఆనవాళ్లు కూడా ఉంటాయి.

సూ. హంతక నామోల్లేఖనంబు మహాపాతకంబు.

వృత్తి. పంచమహాపాతకాలకు ఇది ఆరోది. పద్నాలుగో పేజీలో శవం దొరుకుతుంది. పదిహేనో పేజీలో ఐదుగురిని అనుమానించమని రచయిత మర్యాదగా పరిచయం చేస్తాడు. అందులో మూడోవాడి పేరు కింద గీత గీసి, అంచున ‘వీడే’ అని రెండక్షరాలు. అంతే. కొట్టుకు కట్టిన అద్దె, రాత్రి మేలుకోవడానికి తాగిన కాఫీ, పక్కింటివాళ్ల కంటే ముందు తెచ్చుకున్నామన్న గర్వం, అన్నీ ఆ రెండక్షరాలతో మట్టిపాలు. ఈ పాతకానికి పాల్పడేవాడి మనస్తత్వం మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. దుర్మార్గం అని ఒక వర్గం. మొదట చదివినప్పుడు తనకు తట్టలేదన్న ఉక్రోషంతో, రెండోసారి తిరగేసి ముందే తెలిసినట్టు రాసుకుంటాడని ఇంకో వర్గం. నేను రెండో వర్గం వైపు మొగ్గుతాను. మనుషుల్లో దుర్మార్గం కంటే ఉక్రోషమే ఎక్కువ దొరుకుతుంది.

కానీ చరిత్ర ఇక్కడ ఆగలేదు. ‘వీడే’ అన్నదాన్ని ఇంకొకడు కొట్టేసి, ఐదోవాడి పేరు దగ్గర ‘కాదు, వీడు’ అని రాస్తాడు. మూడోవాడొచ్చి రెండూ కొట్టేసి ‘ఇద్దరూ కాదు, నమ్మొద్దు’ అంటాడు. ఇప్పుడు పాఠకుడి పరిస్థితి ఏమిటి? రచయిత పెట్టిన చిక్కు ఒకటి, వ్యాఖ్యాతలు పెట్టిన చిక్కు ఇంకొకటి. హంతకుణ్ణి పట్టుకుంటే చాలదు, అబద్ధమాడిన వ్యాఖ్యాతను కూడా పట్టుకోవాలి. ఒక నవల అద్దెకు రెండు నవలలు! ఈ పాఠభేదాల్లో అబద్ధపు వీడే రాసినవాడికి శాస్త్రం పెద్దపీట వేస్తుంది. అతను మహాపాతకి వేషంలో వచ్చిన మహోపకారి.

ఇక్కడొక శాఖాభేదం గమనించాలి. యుగంధర్ శాఖ పాఠకుడికి హత్య ఎవరు చేశారన్నది ప్రాణం. క్లూ ముందు చూపించకుండా చివర జేబులోంచి తీస్తే అతను ఒప్పుకోడు. ‘ఈ సిగరెట్ పెట్టె సంగతి ఎక్కడా చెప్పలేదు, మోసం’ అని అంచున రాసి, చూసుకోమని వెనక పేజీల నంబర్లు కూడా ఇస్తాడు. పాఠకుడికి చూపించని ఆధారంతో డిటెక్టివ్ కేసు తేల్చకూడదని నాక్స్ దొరగారు 1929లో పది నియమాల్లో ఒకటిగా పెట్టాడు. ఆ నియమాలు చదవకుండానే గుడివాడ కుర్రాడు అదే తీర్పు చెప్పాడంటే, న్యాయం ఎక్కడైనా ఒకటేనన్నమాట.

షాడో శాఖ పాఠకుడి దారి వేరు. అతనికి విలన్ ఎవరో మొదట్లోనే తెలిసినా బెంగలేదు. ఎవడు కాదు, ఎప్పుడు అన్నదే ప్రశ్న. అందుకని ఇతని వ్యాఖ్యలు గణితంలా ఉంటాయి: ‘ఫైట్ 1’, ‘ఫైట్ 2’, ‘ఇది చిన్నది’. ఆఖరి అట్ట లోపలివైపు లెక్క కూడి మొత్తం వేస్తాడు. పాత షాడోతో పోల్చి ‘రెండు తగ్గాయి’ అని రాస్తాడు. పుస్తకాల పేజీల్లో వచ్చే విమర్శకులెవరూ ఇంత నిక్కచ్చిగా కొలిచిన పాపాన పోలేదు.

ఆ లెక్కల మధ్య, సన్నటి గుండ్రటి అక్షరాలతో వేరే గొంతు ఒకటి వినిపిస్తుంది. షాడో చెప్పాపెట్టకుండా విమానమెక్కి వెళ్లిపోయిన పేజీ పక్కన: ‘పాపం బిందు అక్కకి ఒక్క మాట చెప్పి పోవచ్చు గదా.’ రెండు వందల పేజీల తుపాకుల మోతలో ఇంటి సంగతి పట్టించుకున్నది ఈ ఒక్క వ్యాఖ్యాత్రే. ఆ వాక్యాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. కింద ఎవరో ‘నిజమే’ అని కూడా రాశారు.

సూ. వేగంబు స్టేషన్లచే గొలవంబడు.

వృత్తి. షాడో నవల గురించి డెల్టా పాఠకుడి పరమోత్కృష్ట ప్రశంస ఒక్కటే: ‘ఆపకుండా చదివించింది.’ ఈ ఆపకుండా అనేదాన్ని కొలవడానికి గంటలూ నిమిషాలూ పనికిరావు. బెజవాడ, బందరు మధ్య నడిచే ప్యాసింజరే అసలైన కొలబద్ద. కొవ్వలి వెయ్యిన్నొక్క నవల రాసి మనవాళ్లకు రైల్లో చదువు నేర్పిపెట్టాడు, కాబట్టి సంప్రదాయం ఉంది. మధురానగర్ దాటి బండి ఊపందుకునేలోపు శవమో, కిడ్నాపో, బాంబో ఏదో ఒకటి జరిగితీరాలి. రామవరప్పాడు దగ్గర చీఫ్ ఫోను. నిడమానూరు, ఉప్పలూరు మధ్య షాడో బయల్దేరాలి. తరిగొప్పుల వచ్చేసరికి మొదటి ఫైటు పడకపోతే పాఠకుడు కిటికీలోంచి పొలాలు చూడ్డం మొదలెడతాడు, రచయితకు అంతకంటే అవమానం లేదు. ఇందుపల్లి, దోసపాడుల్లో నమ్మినవాడు మోసం చేస్తాడు. గుడివాడ జంక్షన్లో షాడోని కట్టేసి ఉంచాలి. బండి ఆగినంతసేపూ అతను కట్లతోనే ఉండాలి, అది ఆనవాయితీ. నూజెళ్లలో కట్లు తెగుతాయి. గుడ్లవల్లేరు, కవుతరం చితకబాదుడు. పెడన దాటాక కూడా విలన్ బతికే ఉంటే, అంచున ‘లాగాడు’ అని పడుతుంది. చిలకలపూడిలో ఆఖరి పేరా చదివి, బందరులో దిగేటప్పుడు పుస్తకం చంకలో పెట్టుకోవాలి.

తెనాలి వైపు వెళ్లేవాళ్ల కొలతలు వేరు, దారి పొట్టిది. దుగ్గిరాల దాటేసరికి సగం కూడా కాదు, మిగతాది తెనాలి ప్లాట్‌ఫారం బెంచీ మీద కానిచ్చి ఇంటికెళ్లాలి. కొమ్మూరి వారిది తెనాలే కాబట్టి ఆ బెంచీకి కొంత స్థలమాహాత్మ్యం ఉందనుకోవాలి.

వేగం రచయిత ప్రతిభ వల్ల వస్తుందని అందరూ అనుకుంటారు. ఇది పూర్వపక్షం. సిద్ధాంతం ఏమిటంటే, వేగం అద్దె వల్ల వస్తుంది. అద్దె రోజుకి. పది పైసలున్న రోజుల్లోనైనా, పావలా అయినప్పుడైనా, రూపాయి దాటాకైనా లెక్క మాత్రం రోజుకే. రెండో రోజు పడిందంటే రెండింతలు. అందుచేత ఇరవై నాలుగ్గంటల్లో ఒక పుస్తకాన్ని ఇల్లంతా చదివెయ్యాలి. పొద్దున తెచ్చింది మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అమ్మ చేతికి పోతుంది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన కొడుకు లాక్కుంటాడు. రాత్రి నాన్నగారు ‘ఏం చెత్త చదువుతున్నార్రా’ అని కోప్పడి తీసుకుని, తెల్లవారుజాము దాకా లైటు ఆర్పరు. ఇంతమంది చేతులు మారడానికి వీలుగా, ఎక్కడ వదిలినా ఎక్కడ పట్టుకున్నా అర్థమయ్యేలా, వర్ణనలు లేకుండా, చెట్టూ పుట్టా గాలీ వెన్నెలా లేకుండా రాయాలి. వెన్నెల ఒక పేజీ నడిచిందంటే ఆ ఇంటి బడ్జెట్ తలకిందులు. నెలవారీ చందా పద్ధతే గనక మన దేశంలో గట్టిగా పాతుకుపోయి ఉంటే షాడో కూడా మధ్యమధ్య కృష్ణ ఒడ్డున కూర్చుని సూర్యాస్తమయం చూసేవాడని నా దృఢ విశ్వాసం.

ఈ సిద్ధాంతానికి ప్రబలమైన ఆధారం కొట్టు లెడ్జరు. పొడుగాటి పుస్తకం, గళ్లు గీసి: నంబరు, పేరు, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ. కొట్టాయన సాధారణంగా నవలలు చదవడు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తినడన్నది లోకవిదితం. అయినా ఊళ్లోకెల్లా గట్టి విమర్శకుడు ఆయనే. గడప దగ్గర జరిగే సంవాదం ఇలా ఉంటుంది:

“బాబాయ్, షాడో కొత్తది?”

“రాత్రే పోయింది. రేపు రా అబ్బాయ్.”

“ఎట్టా ఉందంట?”

“ముగ్గురు తీసుకెళ్లారు. ముగ్గురూ కొట్టు తియ్యకముందే వచ్చి కూర్చున్నారు.”

“అయితే బాగున్నట్టే. మరి ఆ పక్కది?”

“అది వద్దులే. నాలుగు రోజులాయె, వాళ్లింటికి మనిషిని పంపా.”

ఇంతకంటే క్లుప్తమైన సమీక్ష తెలుగులో రాలేదు. శైలి, శిల్పం, పాత్రపోషణ అన్నీ ఆ రెండు తేదీల మధ్య ఖాళీలో ఉన్నాయి. ఒకే తేదీ రెండు గళ్లలోనూ పడితే ఉత్తమం. మర్నాడు వస్తే మధ్యమం. మనిషిని పంపాల్సి వస్తే అది సాహిత్య అకాడెమీ వాళ్లు చూసుకోవలసిన పుస్తకం.

అయితే అంచు వ్యాఖ్యల్లో ఒక విపరీతం తరచూ కనిపిస్తుంది. ముందు పేజీలో ‘స్పీడుగా ఉంది, సూపర్’ అని మెచ్చుకున్న చేతిరాతే చివరి పేజీలో ‘అప్పుడే అయిపోయింది, అన్యాయం’ అని ఏడుస్తుంది. త్వరగా చదివించాలి, త్వరగా అయిపోకూడదు. ఈ వైరుధ్యాన్ని రచయితలెవరూ తీర్చలేరు. సీరీస్ అనేది దాని కోసమే పుట్టింది. పుస్తకం అయిపోతుంది గానీ మనిషి అయిపోడు. దాంతో తర్వాతి సూత్రంలోకి వస్తాం.

సూ. సీరీస్ నాయకునకు మరణంబు లేదు, గాయంబు వైకల్పికంబు.

వృత్తి. కానన్ డాయిల్ 1893లో హోమ్స్‌ని జలపాతంలోకి తోసేశాడు. ‘స్ట్రాండ్’ పత్రికకు చందాలు మానేసి జనం కోపం చూపించారు. పదేళ్లకు, 1903లో, ఆయన చచ్చిపోలేదు దాక్కున్నాడంతే అని రాసి బతికించుకోక తప్పింది కాదు. అగాథా క్రిస్టీ తన డిటెక్టివ్ పైరోతో విసిగిపోయినా దశాబ్దాలు మోసింది. చివరికి 1975లో అతను పోతే న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో మరణవార్త వేసింది. లేని మనిషికి అంత మర్యాద! అందుకే తెలివైన సీరీస్ రచయిత ఆ జోలికి పోడు. తల మీద తుపాకీ పెట్టిన చోట అధ్యాయం ఆపుతాడు. ఆ అంచున ‘అమ్మో’ అని రాసినవాడికి కూడా తెలుసు, షాడోకి ఏమీ కాదని. తెలిసీ ఆ అమ్మో అనడంలోనే అతను కట్టిన డబ్బులు రాబట్టుకుంటాడు.

చావు మీద లేని పట్టింపు గాయాల మీద ఉంటుంది. హోమ్స్ మిత్రుడు డాక్టర్ వాట్సన్‌కి అఫ్ఘన్ యుద్ధంలో గుండు తగిలింది. 1887 నాటి మొదటి నవల ప్రకారం భుజానికి, 1890లో వచ్చిన రెండో నవల ప్రకారం కాలికి. ఆ తూటా ఎటు వెళ్లి ఎక్కడ తేలిందో అని ఇంగ్లీషువాళ్లు నూరేళ్లకు పైగా వ్యాసాలు రాస్తూనే ఉన్నారు. మన అంచు వ్యాఖ్యాత అంత దూరం పోడు. ‘పోయిన బుక్కులో చెయ్యి విరిగింది గదా? కట్టు ఏది?’ అని ఒక్క వాక్యంతో నిలదీస్తాడు. దాని కింద ఇంకొకడి సమాధానం: ‘మనోడికి తొందరగా అతుక్కుంటుందిలే.’

ఈ ‘మనోడు’ దగ్గర శాస్త్రం ఒక నిమిషం ఆగాలి. విడి నవల మీద వ్యాఖ్య రాసేటప్పుడు హీరో, కథానాయకుడు, అతను అంటారు. సీరీస్ మూడో పుస్తకానికి మనోడు అయిపోతాడు. ఇక అక్కడి నుంచి అభిప్రాయం సాహిత్యం మీద కాదు, బంధువు మీద. ‘ఈ మధ్య మనోడు లావెక్కాడు’, ‘ఇందులో సరిగా మాట్లాడలేదు’, ‘గంగారాంని మరీ చిన్నచూపు చూశాడు, ఇది బాగాలేదు’ అన్నవి పెళ్లిలో పెద్దవాళ్లు చేసే ఫిర్యాదులే. విలన్‌ని కొట్టడం మొదటి పుస్తకంలో వీరరసం, పదో పుస్తకంలో ఇంటిపని. ఆ పని వేళకు జరిగిందా లేదా అన్నదే పాఠకుడికి కావాలి. ఈ విషయంలో మెచ్చుకోలు కంటే తిట్లే నమ్మదగినవి. ‘చెత్త, డబ్బు దండగ, ఇక షాడో చదవను’ అని ఒట్టేసి రాసిన చేతిరాత తర్వాతి నంబరు పుస్తకంలో, ఆ తర్వాతిదానిలో, ఆ తర్వాతిదానిలో కూడా కనిపిస్తుంది. విసుక్కునే చుట్టమే పండక్కి ముందొచ్చి కూర్చుంటాడు.

అద్దె కొట్లు ఎట్లా పోయాయో అందరికీ తెలుసు. టీవీని తిట్టడానికి ఈ వ్యాసం అక్కర్లేదు. వారపత్రికల్లో సీరియళ్లు అంతకుముందే సగం పాఠకుల్ని పట్టుకుపోయాయి. బెజవాడ నుంచే వచ్చే ‘స్వాతి’ సీరియల్ అంచున రాసుకున్నా ఫలితం లేదు, ఆ వారం దాటితే అది అలమరలో పరిచే కాగితమే. కొట్లు మూసినప్పుడు పుస్తకాలు గోతాలకెక్కాయి. కొన్ని పాతపుస్తకాల దుకాణాల్లో తేలి, జనవరిలో పుస్తకాల పండగ వచ్చినప్పుడల్లా ఏదో ఒక స్టాల్లో మెరుస్తాయి. ఇప్పుడు పాత షాడోకి మంచి ధర. కొనేవాళ్లు బట్టతల వచ్చిన ఒకప్పటి కుర్రాళ్లు, హైదరాబాదు నుంచీ అమెరికా నుంచీ దిగినవాళ్లు. వాళ్ల బేరాలు వింటే శాస్త్రకారుడి కడుపు మండుతుంది. “ఇందులో రాతలున్నాయిగా, తగ్గించండి” అంటారు. వ్యాఖ్యానం ఉంటే గ్రంథానికి విలువ తగ్గడం మల్లినాథసూరికి తెలిస్తే కాళిదాసు జోలికి పోయేవాడు కాదు.

తేలని సమస్య ఒకటి మిగిలింది: చివరి పేజీ ఎవరు చింపుతారు? అద్దె నవలకు చివరి పేజీ బహుళంగా ఉండదన్నది ప్రత్యక్ష ప్రమాణం. పైనా కిందా ఉండే కాగితాలే ముందు నలిగి ఊడతాయని భౌతికవాదులు అంటారు. నిజమే కావచ్చు, కానీ ఇంత నీరసమైన సమాధానం డిటెక్టివ్ నవలకు తగినది కాదు. పోటీ కొట్టువాడి కుట్ర అని ఒక వాదం. పల్లీలు కట్టుకోవడానికి అని మరో వాదం, దీనికి ఉప్పు రేణువుల సాక్ష్యం ఉంది. ఎవరు చింపినా, ఆ లోటు పూడ్చినవాళ్లు మాత్రం పాఠకులే. అలాంటి ఒక ప్రతిలో, వెనక అట్ట లోపలివైపు, ఎవరో పుణ్యాత్ముడు తరువాతివాళ్ల కోసం పెన్సిలుతో రాసిపెట్టాడు:

‘లాస్ట్ పేజీ లేదు. కంగారు పడొద్దు. విలన్ చచ్చాడు. షాడో క్షేమం.’

దాని కింద బాల్ పెన్ను:

‘అది మాకు తెలవదా? ఎట్టా చంపాడో రాయి.’